ఆపరేషన్ వికటిస్తే ఎన్నాళ్లలోపు అడగాలి?



అప్పు దేనికి తీసుకున్నావమ్మా అని అడిగితే మనలో చాలామంది చెప్పేది ఆస్పత్రి ఖర్చే. ఆ వైద్యం వికటించినా వాయిదాలు కట్టక తప్పదు. మరి పరిహారం అడగొచ్చా? అడగొచ్చు. కాకపోతే దానికీ గడువుంది.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడున్న 2019 చట్టంలో 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు 2 ఏళ్లలోపు వేయాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపాలి, దాన్ని ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

2 ఏళ్లు ఎప్పటినుంచి? తప్పు వెంటనే బయటపడితే అప్పటినుంచే. కడుపులో గుడ్డ వదిలేసి కుట్లు వేశారనుకోండి, అది మనకెలా తెలుస్తుంది? తెలిసిన నాటినుంచి లెక్క. ఇక్కడే మెలిక ఉంది. గోవాలో నర్సుగా చేసే ఒకామెకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ అయింది. నొప్పి పోలేదు. 2002లో స్కానింగ్ తీస్తే లోపల గాజుగుడ్డ ఉందని తేలింది. 2004లో కేసు వేసింది. అన్నేళ్లు నొప్పి ఉంటే, అందులోనూ నర్సువై ఉండి, ముందే ఎందుకు పరీక్ష చేయించుకోలేదని 2010లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. నాకైతే కఠినమైన తీర్పే అనిపిస్తుంది. కానీ నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకునే అలవాటు మనకెంత ఉందో మీకు తెలియదా? ఆ ఓర్పే గడువు తినేస్తుంది.

ఇంకోటి. పెద్దమనుషుల్లో పెడదాం, డాక్టరుగారితో మాట్లాడదాం అంటూ నెలలు గడుస్తాయి. మాట్లాడండి, తప్పులేదు. మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు, లాయరు నోటీసిచ్చినా ఆగదు. ముందు కేసు షీటు కావాలని రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. అది ఇంకో డాక్టరుకు చూపించండి. ప్రాణం పోయిన ప్రతిచోటా డాక్టరు తప్పు ఉండదు, అది ఆ కాగితాల్లోనే తేలాలి.

అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వ ఆస్పత్రికి ఈ చట్టం వర్తించదు. అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఫెయిలై మళ్లీ గర్భం వస్తే ప్రభుత్వ పరిహార పథకం ఉంది. దానికి 2 ఏళ్లు కాదు, గర్భం సంగతి తెలిసినప్పటినుంచి 90 రోజులే! ఆపరేషన్ సర్టిఫికెట్ రేషన్ కార్డుతోపాటు దాచుకోండి.

ఖర్చుకు భయపడొద్దు. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు. ఆస్పత్రి హైదరాబాదులో ఉన్నా మన జిల్లాలోనే వేయొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100. సంఘం మీటింగులో ఎవరైనా ఇలాంటి బాధ చెప్పుకుంటే, ముందు ఆపరేషన్ తేదీ, తప్పు తెలిసిన తేదీ అడిగి మినిట్స్ పుస్తకంలో రాయించండి.