కొమ్మ మీది కాపురం



విజయనగరం వైపు ముదురు మామిడి తోటల్లో సువర్ణరేఖ కాయ కోసేటప్పుడు చెట్టెక్కినవాళ్ళకి కొమ్మల మీద రెండు పరాయి మొక్కలు తగులుతాయి. ఒకటి గుబురుగా పెరిగి, గొట్టాల్లాంటి నారింజ రంగు పూలు పూస్తుంది. రెండోది బెరడుని కరుచుకుని, దళసరి పొడుగు ఆకులతో, గాలిలో వేలాడే తెల్లని వేళ్ళతో ఉంటుంది. ఊళ్ళో రెండింటినీ బదనికే అంటారు. రెండింటి మీదా పడేది ఒకే కత్తి.

మొదటిదానికి ఆ శిక్ష తగినదే. దాని వేరు కొమ్మ కర్రలోకి చొచ్చుకుపోయి నీళ్ళూ లవణాలూ లాగేస్తుంది. అది పాతుకున్న చోటునుంచి కొమ్మ కొస ఎండిపోతుంది. రెండోది అలా కాదు. అది ఆర్కిడ్, శాస్త్రవేత్తల పేరు వాండా టెసలేటా. దాని వేళ్ళు బెరడు పైనే ఉంటాయి, లోపలికి దిగవు. కొమ్మ చచ్చి మోడైనా ఆర్కిడ్ బతికే ఉంటుంది. అసలు బదనికైతే కొమ్మతో పాటే పోతుంది. తోటలో ఎవరైనా చూసి తేల్చుకోగల తేడా ఇది.

వాండా మనకేమీ కొత్త మొక్క కాదు. సామర్లకోటలో ఉండి తెలుగు తీరపు మొక్కల బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో నీలం, ఊదా కలిసిన పెదవి, మంచి వాసన. ఎండాకాలంలో మొదలెట్టి వానల్లోకి పూస్తుంది. తోట కాపలాకి వెళ్ళేవాళ్ళు దీన్ని చూడకుండా ఉండరు. చూసి ఊరుకుంటారు, అంతే.

చెట్టు నుంచి ఏమీ తీసుకోకపోతే మరి ఎలా బతుకుతుంది? వేళ్ళ చుట్టూ చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది. వాన చినుకు పడగానే అది తడిని పీల్చి పట్టి ఉంచుతుంది. అందుకే ఎండలో వెండిలా ఉన్న వేరు తడవగానే పచ్చబడుతుంది. ఆకులు పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరిచి గాలి తీసుకుంటాయి. మే నెల ఎండల్ని కొమ్మ మీద కూర్చుని తట్టుకోవాలంటే ఇంత పొదుపు ఉండాల్సిందే.

ఇదంతా ఎదిగిన మొక్క సంగతి. చిక్కంతా గింజ దగ్గరుంది. ఆర్కిడ్ గింజ ధూళి. బ్రెజిల్‌లో ఉన్న ఫ్రిట్జ్ ముల్లర్ ఒకే ఒక ఆర్కిడ్ కాయలో 17,56,440 గింజలున్నాయని లెక్క కట్టాడు, డార్విన్ ఆ అంకెను తన పుస్తకంలో ఎక్కించాడు. అన్ని గింజలకీ సరిపడా తిండి ఆ తల్లి ఎక్కడినుంచి తెస్తుంది? వడ్లగింజలో, చింతగింజలో మొలకకు నిల్వ ఉంటుంది. ఆర్కిడ్ తల్లి మాత్రం బిడ్డకి చద్దిమూట కట్టకుండానే గాలికి వదిలేస్తుంది.

ఆ ఆకలి తీర్చేది బూజు. 1899 మే 3న ఫ్రాన్సులో, ఫాంటేన్‌బ్లో అడవి దగ్గర, ఇరవై అయిదేళ్ళ విద్యార్థి నోయెల్ బెర్నార్ ఆకుల కింద మొలకెత్తుతున్న ఆర్కిడ్ గింజల్ని చూశాడు. వాటన్నిటి లోపలా బూజు దారాలున్నాయి. బూజు పట్టకపోతే గింజ మొలవదని తేల్చిన ఆ మనిషి ముప్ఫై ఆరేళ్ళకే క్షయతో పోయాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు లేకుండా, చక్కెర కలిపిన జెల్లీ మీద సీసాలో గింజల్ని మొలిపించాడు. ఈనాటి ఆర్కిడ్ వ్యాపారమంతా ఆ సీసాలోంచే వచ్చింది. అడవిలో మాత్రం ఎవరూ చక్కెర పోయరు కదా.

వరి రైతులకి ఈ బూజు చుట్టాలు బాగా తెలిసినవే. పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా ఉంది చూడండి, ఆ వంశంలోనివే ఆర్కిడ్లకి సాయం చేసే బూజులు చాలా. మడిలో దుబ్బుని కుళ్ళబెట్టే కుటుంబమే కొమ్మ మీద గింజకి అన్నం పెడుతోంది! ఊరికే మాత్రం కాదు. బూజు దారం గింజ కణంలోకి వచ్చి చుట్టలు చుట్టుకుంటుంది, కొన్నాళ్ళకి మొక్క ఆ చుట్టల్ని అరాయించేసుకుంటుంది. ఈ వ్యవహారంలో తినేది ఎవరో, తినబడేది ఎవరో చాలాకాలం వాదన నడిచింది. నేలమీద పెరిగే ఒక యూరప్ ఆర్కిడ్, పచ్చని ఆకులొచ్చాక బూజుకి తిరిగి పిండిపదార్థం ఇస్తుందని 2006లో రుజువైంది. నా మటుకు నాకు లెక్కలో ఆర్కిడ్డే గడుసుదనిపిస్తుంది. కాపురం చెట్టు మీద పెట్టి, తిండి బూజు దగ్గర తీసుకుంటుంది.

మరి చెట్టు పాత్ర ఏమిటి? బూజుకి చోటు ఇవ్వడం. తడి నిలిచే గరుకు బెరడు, పగుళ్ళలో కుళ్ళే ఆకుల పొడి, కాస్త నీడ. ముదురు మామిడి, పనస, ఇప్ప చెట్లలో ఇవి దొరుకుతాయి. నీలగిరి బెరడు ఒలిచి రాల్చేసుకుంటుంది, దాని మీద గింజ అంటుకున్నా నిలవడం కష్టం. అందుకే సీతంపేట, సాలూరు కొండల్లో ఇప్పలూ మామిళ్ళూ కొట్టేసి నీలగిరి నాటితే, పచ్చదనం అంతే ఉన్నట్టు కనిపించినా ఆర్కిడ్లకి ఇల్లు పోయినట్టే. అందంగా ఉందని కొండ నుంచి పీక్కొచ్చి పెరట్లో కట్టుకున్నది బతకొచ్చు, పూయొచ్చు కూడా. పిల్ల మొక్కలు రావాలంటే బూజున్న బెరడు కావాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు వేలకు వేలు కూలాయి. అంతటి నష్టంలో కొమ్మల మీది మొక్కల గురించి ఎవరు అడుగుతారు? ఇకముందు తుపానుకి కూలిన కొమ్మ మీద ఆర్కిడ్ కనబడితే మాత్రం ఒక పని చేయొచ్చు. వేళ్ళు తెగకుండా బెరడు ముక్కతో సహా తీసి, పక్కనున్న పాత మామిడికో పనసకో, వేళ్ళు బెరడుకి ఆనేలా కొబ్బరితాడుతో కట్టండి. మట్టి పెట్టకండి, కుళ్ళిపోతుంది. ఆ బెరడు ముక్కలోనే బూజు కూడా వస్తుంది. ఆ కొమ్మకి కొన్నాళ్ళు బోర్డో మిశ్రమం పూయకుండా ఉంటే మంచిది, అది బూజుల్ని చంపే మందు. కొత్త వేళ్ళు పాకి పట్టు దొరికాక తాడు తీసేయొచ్చు.