కాలు కుదిరినంకనే చెయ్యి



బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు కోతలు చూసినవాళ్లకు ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. లారీకి ఏటవాలుగా ఒక చెక్క పలక ఆనించి ఉంటుంది. నెత్తిన చెరుకు మోపుతో మనిషి ఆ పలక మీదుగా పైకెక్కుతాడు. బరువుకు పలక ఊగుతుంది. మనిషి మాత్రం తూలడు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి చేరిన మోపుల్లో ఎన్ని ఇట్లా పలకలెక్కాయో లెక్కలేదు.

చిన్నప్పుడు నాకూ ఆ పలక ఎక్కాలని ఉబలాటంగా ఉండేది. ఒకరోజు చిన్న మోపు నెత్తికెత్తుకుని రెండడుగులు వేశాను. మూడో అడుగుకు పక్కకు ఒరిగి, మోపు వదిలేసి దూకేశాను. చేతుల్లో బలం చాలలేదనుకున్నాను. మా పెద్దబాపు నవ్వలేదు, కోప్పడలేదు. "మోపు సంగతి తర్వాత బిడ్డా, ముందుగాల అడుగు చూస్కో. కాలు కుదిరినంకనే చెయ్యి" అన్నాడు.

తర్వాత బడిపిల్లలకు ఆటలు నేర్పే పనిలో పడ్డాక ఆ మాట విలువ నాకు బాగా తెలిసొచ్చింది. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది కూడా కాళ్ల విద్య గురించే. మన నిజామాబాద్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన బాక్సింగ్‌లో పాదాలు చేసే పని గురించి.

నిఖత్ జరీన్ మన ఊరి బిడ్డ. ఆమె ముందుగా నేర్చింది పరుగు. తండ్రి జమీల్ అహ్మద్ క్రీడాకారుడు కావడంతో చిన్ననాడే మైదానానికి అలవాటు పడింది. తర్వాత ఇదే ఊళ్లో శంసముద్దీన్ గారి దగ్గర బాక్సింగ్ మొదలుపెట్టింది. 2011లో టర్కీలోని అంతల్యాలో బాలికల ప్రపంచ విజేత అయింది. 2022 మే 19న ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల్లో 52 కిలోల విభాగం ఫైనల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుటామస్‌ను ఓడించింది. అయిదుగురు న్యాయనిర్ణేతలూ నిఖత్ వైపే తీర్పు చెప్పారు. మరుసటి ఏడు ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ ప్రపంచ విజేతగా నిలిచింది.

అయితే పరుగు నేర్చిన కాళ్లు బాక్సింగ్‌కు వచ్చాక మళ్లీ కొత్తగా చదువుకోవాలి. పరుగులో దారి ఒక్కటే, ముందుకు. రింగులో ముందుకు, వెనక్కి, పక్కలకు, మూలమలుపుగా, అన్ని వైపులా కదలాలి. తాళ్ల మధ్య ఉండేది ఇరవై అడుగుల చదరం. మూడేసి నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. అంత చిన్న చోట ఎదుటివాళ్ల దెబ్బకు అందకుండా, మన దెబ్బకు వాళ్లు అందేట్టు నిలబడటమంతా పాదాల మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు దెబ్బ ఎక్కడ పుడుతుంది? పిడికిట్లో కాదు. వెనక కాలి ముని పాదం నేలను నొక్కుతుంది. నేల అంతే బలంతో తిరిగి నెడుతుంది. ఆ తోపు మోకాలి గుండా నడుముకు, నడుము తిరగడంతో భుజానికి, అక్కణ్నుంచి చేతికి చేరుతుంది. మధ్యలో ఎక్కడ తూకం తప్పినా ఆ బలం అక్కడే కారిపోతుంది. అప్పుడు పిల్లలు చేతిని ఇంకా గట్టిగా విసురుతారు. విసిరినకొద్దీ ఇంకా తూలుతారు.

అందుకే మొదటి పాఠం నిలబడటం. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక. రెండు పాదాల మధ్య భుజాల వెడల్పంత ఎడం. ముందు పాదం కాస్త లోపలికి తిరిగి ఉండాలి. వెనక మడమ నేల నుంచి కొంచెం లేచి ఉండాలి. మోకాళ్లు బిగుసుకోకుండా వదులుగా ఉండాలి. పిల్లలకు నేను రైలు పట్టాలు ఉదాహరణగా చెప్తాను. ఒక కాలు ఒక పట్టా మీద, రెండో కాలు రెండో పట్టా మీద. రెండు కాళ్లూ ఒకే పట్టా మీదికి వస్తే పక్కనుంచి చిన్న తోపు చాలు, పడిపోతారు.

రెండో పాఠం కదలడం. ఏ వైపు వెళ్లాలో ఆ వైపు కాలే ముందు కదలాలి. ముందుకైతే ముందు కాలు, వెనక్కైతే వెనక కాలు. రెండో కాలు అంతే దూరం వెంట రావాలి. అడుగు చిన్నదిగా, నేలను రాసుకుంటూ పోయినట్టుండాలి.

ఇక తప్పుల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కాళ్లు కత్తెర పడటం. పక్కకు వెళ్లే తొందరలో ఒక కాలు రెండోదాన్ని దాటుతుంది. ఆ క్షణంలో దెబ్బ తగిలితే నిలబడే ఆధారమే ఉండదు. దీనికి మందు సుద్దముక్క. నేల మీద రెండు గీతలు గీసి, ఏ కాలు ఆ గీత మీదే ఉండేట్టు అన్ని వైపులా నడిపించాలి. మొదటి వారం పంచ్ మాటే ఎత్తకూడదు.

రెండోది ముందుకు వాలడం. అందని దెబ్బను అందుకోవాలని తల ముందు మోకాలిని దాటి పోతుంది. కాలు వెయ్యాల్సిన చోట నడుము వంగుతుంది. అందుకని పంచ్ విసిరిన వెంటనే "ఆగు" అనాలి. పిల్లలు ఉన్నచోటే బొమ్మల్లా ఆగిపోవాలి. ఆగడానికి ఇంకో అడుగు వెయ్యాల్సి వచ్చిందంటే తప్పు కాళ్లలో ఉందని వాళ్లకే తెలుస్తుంది.

మూడోది మడమల మీద బరువు. అలసిపోయిన పిల్లల్లో ఇది త్వరగా కనిపిస్తుంది. తాడాట దీనికి మంచి వైద్యం. మడమ ఆనించి తాడాట ఎక్కువసేపు ఆడలేరు, శరీరమే మునిపాదాల మీదికి వస్తుంది. నాలుగోది వెనక పాదం మేకు కొట్టినట్టు కదలకపోవడం. పంచ్‌తో పాటు ఆ మడమ బయటికి తిరగాలి, సిగరెట్ పీకను కాలితో నలిపినట్టు. తిరగకపోతే నడుము తిరగదు, మెలి అంతా మోకాలి మీద పడుతుంది.

మోకాలి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. శంసముద్దీన్ గారి కుమారుడు, బాక్సర్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. మోకాలి గాయంతో ఆ సెమీఫైనల్ ఆడలేక కాంస్యంతో తిరిగివచ్చాడు. రెండు చేతులూ సిద్ధంగా ఉన్నా, కాలు సహకరించకపోతే రింగులోకే పోలేం. పిల్లల కాళ్లను వేడెక్కించకుండా ఆట మొదలుపెట్టవద్దని నేర్పేవాళ్లను అందుకే వేడుకుంటాను.

ఈ నియమం బాక్సింగ్‌ది మాత్రమే అనుకోకండి. గోల్ఫ్ చూడండి. అక్కడ ఎదుటి మనిషి లేడు, బంతి కదలదు. అయినా కర్ర ఊపేటప్పుడు బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి సరిగ్గా మారకపోతే బంతి దారి తప్పుతుంది. అక్కడి గురువులు పాదాలు రెండూ దగ్గర చేర్చి కర్ర ఊపమంటారు. అట్లా నిలబడి బలం కొద్దీ ఊపితే వెంటనే తూలిపోతారు. అందుకని ఒళ్లు తనంతట తానే తూకం వెతుక్కుంటుంది. ఊపు ముగిశాక బంతి నేలను తాకేదాకా కదలకుండా నిలబడమంటారు. మన "ఆగు" పాఠం ఇదే కదా.

తెలుగు కుటుంబంలో, కాలిఫోర్నియాలో పుట్టిన గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగలకు వెన్నెముక పక్కకు వంగి ఉంటుంది. ఆ ఒంటితోనే తనదైన ఊపు కుదుర్చుకుని 2023లో అమెరికా పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించాడు. తూకం అందరికీ ఒకే కొలతతో రాదు. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ల కాళ్లు కుదుర్చుకోవాలి. పొడవైన పిల్లకు, పొట్టి పిల్లవాడికి ఒకే అచ్చు పోయకూడదు. నేర్పేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఎంతోమంది పిల్లలు ఆట మానకుండా మిగులుతారు.

మన జిల్లాలో ఊరూరా బాక్సింగ్ రింగు ఉండకపోవచ్చు. కాళ్లు నేర్పడానికి రింగు అక్కర్లేదు. చదునైన నేల, సుద్దముక్క, ఒక తాడు, ఓపికగా చూసే పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు. గ్లవ్స్ కొనివ్వలేదని పిల్ల అలిగితే, అవి వచ్చేలోపు కాళ్లు నేర్చుకోమనండి. ఆడపిల్లకు ఈ ఆట ఎందుకని ఎవరైనా అంటే నిఖత్ పేరు చెప్పండి.

రేపు పొద్దున్నే మీ ఇంటి వాకిట్లో పిల్లలను నిలబెట్టి, భుజం మీద రెండు వేళ్లతో మెల్లగా తోసి చూడండి. తూలితే పాదాలు సర్దుకోమనండి. మళ్లీ తోయండి. తూలకుండా నిలబడ్డ రోజున, ఇక పిడికిలి ఎత్తమని చెప్పండి.