పాత్రల ఆటలు, రాబడి లెక్కలు

రోల్‌ప్లేయింగ్ వీడియో గేముల్లో ఆటగాడు ఒక పాత్రను తీసుకుని, కథ వెంట నడుస్తూ దాని బలం పెంచుకుంటాడు. ఆ కథ ఎలా సాగాలో ఇప్పుడు చాలావరకు రాబడే నిర్ణయిస్తోంది. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో విడుదల చేసిన 'అసుర' ఒకసారి ధర చెల్లించి కొనుక్కునే గేమ్. ఆడిన ప్రతిసారీ దారులు, నైపుణ్యాల అమరిక మారిపోతాయి. చిన్న బృందాలు తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆట అందించడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

ఉచిత గేముల తీరు వేరు. 2020లో వచ్చిన చైనా గేమ్ 'గెన్‌షిన్ ఇంపాక్ట్'లో చాలా బహుమతులకు రెజిన్ అనే శక్తి కావాలి. అది ఒక్కటి చేరడానికి 8 నిమిషాలు పడుతుంది. ఆగలేనివారు ఆటలోని రత్నాలు ఖర్చుపెట్టాలి, అవి అయిపోతే డబ్బుతో కొనాలి. కొత్త వీరులు లాటరీలో వస్తారు. 90 ప్రయత్నాల్లోపు అరుదైన పాత్ర ఖాయమే గానీ, కోరుకున్నదే వస్తుందన్న హామీ లేదు. అనంతపురంలో ఫోన్‌లో ఆడే విద్యార్థికైనా ఇదే లెక్క. కథ ముగిస్తే రాబడి ఆగుతుంది కాబట్టి ముగింపు వాయిదా పడుతూనే ఉంటుంది. కథకు ఇది పెద్ద నష్టం.

డబ్బు చెల్లించి తెరిచే ఇలాంటి లాటరీ పెట్టెలను బెల్జియం 2018లో జూదంగా తేల్చింది. ఆ నేపథ్యంలోనే, ఇలాంటి పెట్టెలున్న రోల్‌ప్లేయింగ్ గేమ్ 'డయాబ్లో ఇమ్మోర్టల్' 2022లో ఆ దేశంలో విడుదల కాలేదు.