బ్యాంకాక్ టిక్కెట్టు కొనేముందు

(ఫర్వానియాలో మన ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



పోయిన సెలవులో ఊరికి వెళ్ళేముందు నేను నాలుగు రోజులు బ్యాంకాక్ తిరిగి వెళ్ళాను. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ మన రూముల్లో కుర్రాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. "ఎంతయ్యింది అన్నా?" అని ఒకటి, "అక్కడ పనులు దొరుకుతాయా?" అని ఇంకొకటి. ఆ రెండోదాని కోసమే ఈ మైకు పట్టుకున్నాను.

ముందు ఊరి సంగతి చెప్తాను, చూడదగ్గ ఊరే. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగితే సిటీలోకి రైలు ఉంది. సిటీలో స్తంభాల మీద నడిచే స్కైట్రెయిన్ 1999 నుంచీ ఉంది. కింద రోడ్డు మీద నారింజ రంగు కోట్లు వేసుకున్న మోటార్ సైకిల్ టాక్సీవాళ్ళు సందుల్లోంచి దూసుకుపోతుంటారు. మనవైపు గోదావరి దాటడానికి పంటు ఎక్కినట్టు, వాళ్ళు చావో ప్రాయా నదిలో పడవెక్కి ఆఫీసులకి పోతారు. చతుచక్ సంత శని, ఆదివారాల్లో జరుగుతుంది, వేల కొట్లు. అల్‌రాయ్ ఫ్రైడే మార్కెట్‌కి అలవాటు పడ్డ కాళ్ళు కూడా అక్కడ నొప్పి పుట్టాయి. పహురాత్ అనే బట్టల బజారులో మనవాళ్ళ ముఖాలు కనబడతాయి, పక్కనే పెద్ద గురుద్వారా. సీలోం వీధిలో మారియమ్మన్ గుడి ఉంది. అక్కడ మనకంటే థాయివాళ్ళే ఎక్కువ మంది మొక్కుతున్నారు. రెండు పూటలా అన్నం దొరుకుతుంది కాబట్టి మన కడుపుకి ఇబ్బంది లేదు. కాకపోతే చాలా కూరల్లో చేపల సాస్ పోస్తారు, శాకాహారులు అడిగి తినాలి.

రాజుగారి కోట దగ్గర ఒక పాత మోసం ఉంది. చక్కగా బట్టలేసుకున్న మనిషి వచ్చి "ఈరోజు కోట మూసేశారండీ, వేరే గుడి చూపిస్తా" అని టుక్‌టుక్ ఎక్కిస్తాడు. అది రత్నాల దుకాణం ముందు ఆగుతుంది. కోట మాత్రం తెరిచే ఉంటుంది! అందులో పోయేది డబ్బే. నాకు భయం వేసింది ఇంకో మోసం చూసి. అదీ ఇలాంటి మర్యాద మాటలతోనే మొదలవుతుంది.

2023 నవంబరులో థాయిలాండ్ మన పర్యాటకులకి వీసా అక్కర్లేకుండా చేసింది. గడువులు మారుతుంటాయి, వెళ్ళేముందు చూసుకోవాలి. ఆ సౌకర్యం చూడటానికే గానీ పని చేయడానికి కాదు. అక్కడ పని చేయాలంటే దానికి తగిన వీసా, దానిపైన వర్క్ పర్మిట్ ఉండాలి. అకామా లేనివాడి బతుకు ఇక్కడ ఎట్లా ఉంటుందో అక్కడా అంతే.

ఏజెంటు అలా చెప్పడు. "ఏసీ గది, కంప్యూటర్ పని, డాలర్లలో జీతం. ముందు టూరిస్టుగా వెళ్ళు, పర్మిట్ తర్వాత చూసుకుందాం" అంటాడు. యాభై డిగ్రీల ఎండలో పని చేసేవాడికి ఆ మాట చల్లగానే ఉంటుంది మరి. బ్యాంకాక్‌లో దిగినవాణ్ణి కారెక్కించి సుమారు 500 కిలోమీటర్లు తీసుకుపోతారు. ఆ ఊరు మే సోట్. అక్కడ ఒక ఏరు దాటితే మయన్మార్‌లోని మ్యావాడి. మన ముత్తాతలు 'రంగం' పోయారని చెప్పుకుంటామే, ఆ బర్మాయే. వాళ్ళు ఓడరేవుల్లో మూటలు మోశారు. ఇప్పటి పిల్లలకి కాపలా గోడల మధ్య ఫోన్లు ఇచ్చి, దొంగ ప్రొఫైళ్ళతో జనాన్ని మోసం చేసే పని చేయిస్తున్నారు. పాస్‌పోర్టు లాక్కుంటారు. పాస్‌పోర్టు వేరేవాళ్ళ చేతిలో ఉంటే ఎట్లా ఉంటుందో ఈ హాల్లో కొందరికి నేను చెప్పక్కర్లేదు.

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్ళని కంబోడియా పంపిన ఏజెంట్లని అరెస్టు చేశారు. అదే నెలలో అక్కడి సిహనౌక్‌విల్‌లో మన దేశంవాళ్ళు వందలమంది తిరగబడ్డారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి రెండు రోజుల్లో 500 మందికి పైగా వెనక్కి తెచ్చాయి.

ఇంకొక సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసిన 18 దేశాల్లో కువైట్‌తో పాటు థాయిలాండ్ కూడా ఉంది. టూరిస్టుగా పంపితే ఆ తనిఖీ తప్పుతుంది. ఏజెంటుకి కావలసింది అదే. లైసెన్సు ఉన్న ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనబడుతుంది. అతను తీసుకోవలసిన ఫీజు 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగాడంటే ఎందుకని అడగండి. పని ఏ ఊళ్ళో, కంపెనీ చిరునామా ఏమిటి, వీసా ఏ రకం, ఇవి కాగితం మీద రాసిమ్మనండి. "అక్కడికి వెళ్ళాక చెప్తాం" అంటే టిక్కెట్టు కొనకండి.

ఇప్పటికే మీ ఇంటి పిల్లవాడు ఎవరైనా అటు వెళ్ళి చిక్కుకుని ఉంటే, పరువు పోతుందని దాచకండి. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. వాడు ఏ దేశంలో ఉన్నాడో అక్కడి మన ఎంబసీకి రాయొచ్చు. వాడు చివరిసారి ఫోన్ చేసిన తేదీ, పంపిన లొకేషన్, పాస్‌పోర్టు కాపీ, ఏజెంటుకి డబ్బు కట్టిన రశీదు జాగ్రత్త చేసి పెట్టండి. ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్నవాళ్ళు ఈ సభ అయ్యాక ఆ మూల టేబుల్ దగ్గరికి రండి. టీ తాగుతూ ఒక్కొక్కటీ చదివి చూద్దాం.