కెమేరా కెట్టి కన్ను కొనవలెను?



మా పోలవరము ప్రాంతమునఁ జాల యిండ్లకు నిప్పుడు పెద్ద కెమేరాలు వచ్చినవి. పట్టణమున నుద్యోగము చేయు కుమారుఁడో, చదువుకొను మనుమఁడో తెచ్చును. తెచ్చి నెల తిరుగక మునుపే "తాతయ్యా, దీనికి ఇంకో లెన్సు కావాలి" అని చేయి చాఁచును. ఎందులకురా యనినచో మనకుఁ బట్టువడని మాటలు నాలుగు చెప్పును. సొమ్ము మనది గనుక, అది దేనికిఁ బోవుచున్నదో తెలిసికొని యిచ్చుట యుచితము. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఆనకట్టకు నెగువనున్న మన యూళ్లకు గడువు దగ్గఱపడినది. నేఁడు తప్పిన చిత్రమును రేపు తీయుదమను వీలు లేదు.

డి.ఎస్.ఎల్.ఆర్. అను నీ కెమేరాకు మొండెము వేఱు, కన్ను వేఱు. ఆ కన్నే లెన్సు. మన బడి పుస్తకములలోఁ గటక మందురు. మొండెము లోపల నొక చిన్న యద్దము వాలుగా నుండును. లెన్సునుండి వచ్చిన వెలుఁగు దానిపైఁ బడి పైకి మరలి, పట్టకము గుండఁ దిరిగి మన కంటికిఁ జేరును. మీట నొక్కఁగనే యద్దము పైకి లేచును. వెలుఁగు వెనుకనున్న పలకపైఁ బడి చిత్ర మగును. అద్దము లేని కెమేరాలు వచ్చిన పిదప నీ రకము క్రొత్తగాఁ జేయుట మిక్కిలి తగ్గినది. అందుచేత వాడిన లెన్సులు చౌకగా దొరకుచున్నవి. మనబోఁటివారి కది లాభమే.

లెన్సుమీఁద రెండంకెలు చూడవలెను. మొదటిది నాభ్యంతరము, మిల్లిమీటర్లలో నుండును. అది చిన్నదైనచో విశాలముగాఁ జూచును. పెద్దదైనచో దూరపు వస్తువును దగ్గఱకుఁ దెచ్చును. సామాన్యపు కెమేరాలలోని చిన్న పలకకు 35 మిల్లిమీటర్ల లెన్సు మన కంటి చూపునకు సమీపముగా నుండును. 18 అయినచో అరుగు మీఁద నిలిచియే పంచ యంతయుఁ బట్టవచ్చును. 300 అయినచో ఆవలి యొడ్డునఁ గూర్చున్న కొంగ ముక్కు కనఁబడును.

రెండవ యంకె కనుపాపది. పిల్లి కంటిపాప పగలు సన్నని గీటుగాను, రాత్రి గుండ్రముగాను నుండుట మీ రెఱుఁగుదురు. లెన్సులోపలఁ గూడ నట్టి ద్వార మున్నది. ఇందుఁ దిరకాసు ఏమనఁగా, అంకె యెంత చిన్నదో ద్వార మంత పెద్దది. కెమేరాతో వచ్చు 18-55 లెన్సు, దాని 55 కొసయందు, 5.6 అంకెకు మించి తెఱచుకొనదు. 50 మిల్లిమీటర్ల 1.8 లెన్సు దానికంటె దాదాపు పది రెట్లు వెలుఁగును లోనికి రానిచ్చును. అయినను వెలలో నది చిన్నదే. కుఱ్ఱవారు బారెడు లెన్సు నడుగుదురు గాని, ఈ పొట్టి దాని నడుగువారు తక్కువ.

కుఱ్ఱవారి ననుట యెందులకు? నేనే యట్లు చెడితిని. పాపికొండలను, పక్షులను దీయవలెనని 70-300 లెన్సు మొదటఁ గొంటిని. దానిని మెడకుఁ దగిలించుకొని యెగువ నొక యూరికిఁ బోతిని. అందొక ముదుసలి, కాఁపురమునకు వచ్చిననాఁటి నుండియు నొకే పొయ్యి దగ్గఱ వండిన యామె, "పంతులుగారూ, నన్ను ఈ పొయ్యి కాడ ఒక్క బొమ్మ తియ్యండి, ఇల్లు వదిలేత్తన్నాం" అని కోరినది. వంటయిల్లు పదడుగులైన లేదు. గోడకు వీఁపు నానించి నిలిచినను నా లెన్సులో నామె ముఖమును, భుజములును దప్ప మఱేమియు నిముడలేదు. వెలుఁగా, గవాక్షము నుండి వచ్చునదే. తీసిన పండ్రెండు చిత్రములును బూడిద పులిమినట్లు వచ్చినవి. వేఱొక లెన్సు నెరువు తెచ్చి వత్తునని చెప్పి వచ్చితిని. పదునైదు దినములకుఁ బోవునప్పటికి పెంకులు లారీ కెక్కినవి; పొయ్యి మట్టిలోఁ గలిసినది. తరువాత పునరావాసపు కాలనీలో నామె గ్యాసు పొయ్యి ముందుఁ గూర్చుండి, "ఆ బొమ్మ ఏదీ పంతులుగారూ?" అని యడిగినది. నా యొద్ద నాఁడు తీసిన కొంగ చిత్రము మాత్ర ముండెను, ఈక కీక లెక్కింప వచ్చునంత స్పష్టముగా.

2021 జూన్ నెలలో గోదావరిని స్పిల్‌వే వైపునకు మళ్లించిరి. 2022 జూలై వరదలో భద్రాచలమువద్ద నీరు 71 అడుగులు దాటినది. జలాశయపుఁ బూర్తి మట్టము 45.72 మీటర్లు, మొదటి దశకు 41.15 మీటర్లు లెక్క. ఈ రెండు గీఁతల నడుమనున్న యూళ్లవారు నా మాట మఱింత శ్రద్ధగా వినఁగోరుదును. నాగార్జునకొండ లోయ మునుఁగుటకు ముందు, 1954 నుండి 1960 వఱకు, ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమునఁ బురావస్తుశాఖవారు త్రవ్వించి, కొలిచి, చిత్రించి, కొన్ని కట్టడములను గొండపైకిఁ దెచ్చి నిలిపిరి. మన పొయ్యిలను, అరుగులను, వెదురు తడికల యిండ్లను గొండ యెక్కించువా రెవ్వరు? ఆ పని మన యింటి కెమేరాయే చేయవలెను.

కనుక మొదట వెలుఁగు గల పొట్టి లెన్సు కొనుఁడు. ఇంటిలోపలికి నికాన్‌వారి 35 మిల్లిమీటర్ల 1.8 గాని, కానన్‌వారి 24 మిల్లిమీటర్ల 2.8 గాని చాలును. అరుగుపైఁ గూర్చున్న పెద్దల ముఖములకు 50 బాగుండును. గుడి మంటపమునకు, మండువా యింటికి 10-18 వంటి విశాల లెన్సు పనికివచ్చును గాని, దాని యంచున మనుష్యుని నిలిపితిమా, తల సాగి గుమ్మడికాయ యగును. శాసనములకు, పట్టాలకు, తాటాకులకు దగ్గఱనుండి చూచు మాక్రో లెన్సు మంచిది. శాసనమును మిట్టమధ్యాహ్నము తీయరాదు. ప్రొద్దుటి యెండ ప్రక్కనుండి పడినప్పు డక్షరముల లోఁతు తెలియును. కాగితమును గిటికీ చెంతఁ బఱచి, కెమేరాను సరిగా దానిపైఁ దిన్నగా నిలుపవలెను. దూరపు లెన్సు చివరి మాట.

లెన్సు కొనుటకు ముందు మొండెమునకుఁ జక్కగా నమరునా యని చూడుఁడు. కానన్ లెన్సు నికాన్‌కుఁ బట్టదు. నికాన్‌లోఁ గొన్ని చిన్న మొండెములకు మోటారు లేదు. పాత లెన్సు తగిలించినచో స్ఫుటతను జేతితోఁ ద్రిప్పి సరిచూచుకొనవలెను. వాడిన లెన్సునకు వెనుకనుండి టార్చి వేసి, ముందునుండి చూడవలెను. లోపల సాలెగూటి పోగులవంటివి కనఁబడినచో నది బూజు. ఎంత చౌకయైనను వలదు.

పరికరములలో మొదటిది స్టాండు. చీఁకటి గదిలోఁ గెమేరా కదలకుండుటకు దానిని మించినది లేదు. అయితే కూర్చున్నవారు కదలినచో నది యేమియుఁ జేయలేదు. ఎగువ యూళ్లలోఁ గరెంటు నమ్మరాదు గనుక రెండవ బ్యాటరీ కావలెను. ఏటి నీటిపై తళతళ నడఁచుటకుఁ బోలరైజరు బిళ్ల యుపయోగించును గాని, అది వెలుఁగును ద్రాగును. ఇంటిలోనికిఁ బోవునప్పుడు విప్పివేయవలెను. ఫ్లాష్ దీపమును నేరుగా ముఖముపైఁ గొట్టినచోఁ బొయ్యి వెలుఁగు చచ్చును, మనిషి సున్నము పూసిన బొమ్మవలె నుండును.

గోదావరి గాలిలోని చెమ్మ లెన్సునకు శత్రువు. తోలుసంచిలోఁ బెట్టి బీరువాలో దాఁచినచో వానకాలము కడచునప్పటికి బూజు పట్టును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచుఁడు. గుళికల రంగు మాఱినప్పుడు వేఁడిచేసి యారఁబెట్టవలెను, వంటపాత్రలలో మాత్రము కాదు.

తీసిన చిత్రములను రెండుచోట్ల నుంచుఁడు. ఒకటి వేఱొక యూరి బంధువు నింట నుండుట మేలు. చిట్టచివరి మాట గడియారమును గూర్చి. కెమేరాలోపల నొక గడియారమున్నది. ప్రతి చిత్రముతోఁ దేదీని వ్రాసికొనును. బ్యాటరీ చాలకాలము లేకపోయినచో నది తప్పును. మా మనుమని కెమేరాలోఁ బట్టిసీమ శివరాత్రి తీర్థపు చిత్రములన్నియు నేదో యొక సంవత్సరపు జనవరి 1వ తేదీయని కూర్చున్నవి. మీ యింటి కెమేరాను మీ పిల్లలచేత నీ సాయంకాలమే తెఱపించి, తేదీని సరిచేయింపుఁడు.