‘పరిమితిలోనే ఉంది’ : గూడ్సుబండి పట్టాలు ఎందుకు తప్పుతుంది?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గూడ్సుబండ్లు పట్టాలు తప్పడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. రైల్వే కార్యాలయంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే ప్రమాద విచారణ ఫైళ్లు చాలా ఏళ్లు నా బల్ల మీదుగా వెళ్లాయి. చదవకుండా టైపు చేయడం నాకు చేతకాదు. ఆ చదువే ఈనాటి నా పెట్టుబడి.

2024 నవంబరు 12 రాత్రి పెద్దపల్లి జిల్లాలో రాఘవాపురం, రామగుండం మధ్య ఇనుప సరుకుతో పోతున్న గూడ్సుబండి పట్టాలు తప్పింది. ఢిల్లీ–చెన్నై మార్గం స్తంభించింది. ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. ప్రయాణికులు లేని బండి గనుక ఇలాంటి వార్తను మనం రెండు రోజుల్లో మరచిపోతాం. కానీ అదే పట్టా మీద, వెనకాలే, మన పిల్లలు ఎక్కిన ఎక్స్‌ప్రెస్ కూడా వస్తుంది.

మన బ్రాడ్‌గేజిలో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. చక్రానికి లోపలివైపు ఉండే అంచును ఫ్లాంజి అంటారు. కొత్త చక్రానికి దాని ఎత్తు 28 మిల్లీమీటర్లకు కాస్త పైన, అంటే అంగుళం చిల్లర. అంత పెద్ద బండిని దారిలో నిలిపేది ఆ అంగుళమే. పైబరువు చక్రాన్ని పట్టాకు అదిమి ఉంచుతుంది. వంపులో పక్కతోపు ఫ్లాంజిని పట్టా మీదికి ఎక్కించ చూస్తుంది. పక్కతోపు పెరిగినా ప్రమాదమే, పైబరువు తగ్గినా ప్రమాదమే. అందుకే ఖాళీ వ్యాగను కూడా పట్టా తప్పుతుంది. పట్టా తలమీద ఫ్లాంజి గీసిన గీత ఉంటే చక్రం మెల్లగా ఎక్కిందని, గీత లేకపోతే ఒక్కసారిగా ఎగిరిపడిందని విచారణలో పోల్చుకుంటారు.

కారణాలు స్థూలంగా మూడు చోట్ల ఉంటాయి. మొదటిది దారి. కంకరలో మట్టి, బొగ్గుపొడి చేరి నీళ్లు నిలిస్తే ఒక పక్క పట్టా దిగుతుంది. అప్పుడు ఒక చక్రం మీద బరువు తేలిపోతుంది. చలికి పట్టా, వెల్డింగు అతుకు విరుగుతాయి. ఎండకు పట్టా వంకర తిరుగుతుంది. రెండవది వ్యాగను. స్ప్రింగు విరగవచ్చు, ఫ్లాంజి అరిగి పలచబడవచ్చు, బేరింగు వేడెక్కి యాక్సిల్ తెగవచ్చు. మూడవది మనిషి చేతిలోని పని. సరుకు ఒక పక్కకే ఎత్తడం, వేగం మీరడం, యార్డులో పాయింట్లు సరిగా వేయకపోవడం ఈ కోవలోవి.

2022లో కాగ్ ఇచ్చిన నివేదిక 2017–18 నుంచి 2020–21 వరకు పట్టాలు తప్పిన అన్ని రకాల బండ్లకు సంబంధించి 1129 విచారణ నివేదికలను పరిశీలించింది. ఇంజనీరింగు శాఖ కింద 422, ఆపరేటింగు కింద 275, మెకానికల్ కింద 182 తేలాయి. ట్రాక్ నిర్వహణ లోపం ఒక్కటే 171 ఘటనల్లో కనిపించింది.

ఇక నేను చూసిన సంగతి చెబుతాను. ప్రమాదస్థలంలో అన్ని శాఖల సూపర్‌వైజర్లు కలిసి జాయింట్ నోట్ రాస్తారు. ట్రాక్ వారు తమ కొలతలు పరిమితిలోనే ఉన్నాయంటారు. వ్యాగన్ వారూ అదే అంటారు. డ్రైవరు వేగమూ పరిమితిలోనే ఉంటుంది. కింద ఒకరి అసమ్మతి నోటు. అందరూ పరిమితిలోనే ఉంటే బండి పొలంలో ఎందుకు పడింది? పట్టా కాస్త దిగింది, స్ప్రింగు కాస్త బలహీనపడింది, సరుకు కాస్త ఒక పక్కకు ఒరిగింది. విడివిడిగా ఏదీ తప్పు కాదు. మూడూ ఒకే చక్రం దగ్గర కలిస్తే ఆ అంగుళం చాలదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఈస్ట్ పాలెస్టైన్‌లో 2023 ఫిబ్రవరి 3న జరిగింది చూడండి. ఒక బేరింగు వేడిని దారి పక్కనున్న యంత్రాలు మూడు చోట్ల కొలిచాయి. బయటి వేడికన్నా ఫారెన్‌హీట్‌లో మొదట 38 డిగ్రీలు, తర్వాత 103, ఆపైన 253 ఎక్కువ. మొదటి రెండూ ఆ కంపెనీ బండి ఆపాలనుకున్న గీతకు లోబడే ఉన్నాయి, కనుక డ్రైవరుకు కబురు అందలేదు. మూడో చోట అందింది, బండి ఆగేలోపే యాక్సిల్ తెగింది. 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. కొన్నింటిలో ప్రమాదకర రసాయనాలు ఉండడంతో మంటలు రేగి, ఊరి జనం ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. 38 నుంచి 103కు పెరగడమే అసలు కబురు. దాన్ని చదివినవారు లేరు.

మన వద్ద ఆ పెరుగుదలను ముందుగా పసిగట్టేది రోజూ నడిచే కీమన్. ఒక ఫైలు నాకింకా గుర్తుంది. వానాకాలంలో ఒకే చోట పట్టా పదేపదే దిగుతోందని కీమన్ రెండుసార్లు నోటిమాటగా చెప్పాడు. కొలిచి, ‘పరిమితిలోనే ఉంది’ అన్నారు. తర్వాత అక్కడే వ్యాగన్లు పడ్డాయి. రాతపూర్వకంగా తెలియజేయలేదని ఇంక్రిమెంటు ఆపింది ఆ కీమన్‌కే! ఆ ఉత్తర్వు టైపు చేసినవాణ్ణి నేనే. మరుసటి నెల నుంచి అతను ఏమీ చెప్పడం మానేశాడు. ఆ నష్టం ఏ పట్టికలోనూ ఎక్కలేదు.

మిత్రులారా! మనలో చాలామంది బిడ్డలు నేడు సర్వీసులో ఉన్నారు. వారికి చెప్పవలసింది ఒకటే. కొలత ఎంత ఉందని మాత్రమే కాదు, నిన్నటికన్నా ఎంత మారిందో చూడండి. కింది ఉద్యోగి నోటితో చెప్పింది మీరే రాసుకుని, అతని పేరు, తేదీ వేయండి. ఎర్రజెండా చూపి బండి ఆపినవాణ్ణి ఎన్ని నిమిషాలు పోయాయని ముందుగా అడగకండి, ఏం చూశావని అడగండి. ఆ మేరకు పై అధికారులకు మన సంఘం తరఫున ఒక వినతిపత్రం పంపాలని ప్రతిపాదిస్తున్నాను.