శిక్ష ఎవరిది, విడుదల ఎవరికి?

ఏ మతం గురించి మాట్లాడినా ముందు తంతు చూడాలి, సిద్ధాంతం సంగతి తర్వాత అనేవారు ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు. ఆయన మాట పట్టుకుని యూదుల పిల్లలు ధర్మానికి బాధ్యులయ్యే సందర్భం, బార్ మిట్స్‌వా గురించి చెబుతాను.

మనవైపు ఉపనయనం చేస్తేనే వటువు. యూదుల్లో ఆ పద్ధతి లేదు. వాళ్ల పంచాంగం ప్రకారం అబ్బాయికి 13, అమ్మాయికి 12 ఏళ్లు నిండాయంటే చాలు, ధర్మశాస్త్రం నెత్తిన పడ్డట్టే. విందు పెట్టకపోయినా పడుతుంది. ఆ రోజు నుంచి ఉపవాసాలు తప్పవు. సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమందిలో కుర్రవాడూ ఒకడవుతాడు.

వేడుక ఎక్కువగా శనివారం ఉదయం ప్రార్థనాలయంలో జరుగుతుంది. ధర్మశాస్త్రమైన తోరా చుట్టను బల్లమీద విప్పుతారు. తోలుమీద చేత్తో రాసిన హీబ్రూ అది. అచ్చుల గుర్తులు ఉండవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియదు, రాగం గుర్తులూ ఉండవు. అన్నీ ముందే వల్లె వేసుకుని రావాలి. అక్షరాలమీద వేలు పెట్టకూడదు కనుక, కొసన చిన్న చెయ్యి చెక్కిన పుల్లతో వరస పట్టుకుంటాడు. అర్థం మారేలా తప్పు చదివితే అక్కడికక్కడే దిద్దుతారు, పుట్టినరోజని మొహమాటపడరు! చదవడం కాగానే చాలాచోట్ల అతనిమీద మిఠాయిలు విసురుతారు.

అప్పుడు తండ్రి లేచి ఒక చిన్న స్తుతి చెబుతాడు. కొడుకు చల్లగా ఉండాలని కాదు, వీడి శిక్షనుంచి తనను విడిపించినందుకు! మిద్రాష్ అనే పాత వ్యాఖ్యానంలో ఈ మాట ఏశావు, యాకోబుల కథ దగ్గర వస్తుంది. పదమూడేళ్లు కలిసి బడికి వెళ్లిన కవలలు ఆ తర్వాత చెరోదారి పట్టారట. ఈ స్తుతి తల్మూద్ అనే ప్రామాణిక గ్రంథంలో లేదు గనుక దేవుని పేరు లేకుండా చెప్పడం మంచిదన్నాడు 16వ శతాబ్దపు క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్.

ఇంతకీ ఎవరి శిక్ష? పెంపకంలో లోపానికి తండ్రి పడాల్సిన శిక్ష అంటుంది మాగెన్ అవ్రాహామ్ అనే వ్యాఖ్య. లెవూష్ అనే గ్రంథం తిరగేస్తుంది: తండ్రి పాపాలకు చిన్నబిడ్డ పడే శిక్ష, ఇకమీదట అది తప్పింది అని. నాకు రెండోదే నిజాయితీగల మాటగా తోస్తుంది. పిల్లల తప్పుకు బాధపడే తండ్రులు చాలామందే ఉంటారు, తమ తప్పు పిల్లలకు తగిలిందని ఒప్పుకునేవాళ్లే అరుదు.

మరి కూతురి సంగతి? 1922 మార్చి 18న న్యూయార్క్‌లో రబ్బీ మొర్దెకై కాప్లాన్ తన 12 ఏళ్ల కూతురు జూడిత్‌ను చదవడానికి సభముందు నిలబెట్టాడు. అయితే ఆమె చదివింది చుట్టలోంచి కాదు, అచ్చుపుస్తకంలోంచి. ఇప్పుడు ఉదారవాద ప్రార్థనాలయాల్లో అమ్మాయిలు చుట్టలోంచే చదువుతున్నారు. తండ్రి చెప్పే స్తుతి మాత్రం సంప్రదాయంలో చాలాకాలం కొడుకులకే ఉండిపోయింది. పాత వ్యాఖ్యాతలకు ఆ సందేహం రాకపోలేదు. లెవూష్ మాటే నిజమైతే, తండ్రి పాపం కూతురిని మాత్రం వదులుతుందా అని 18వ శతాబ్దంలోనే యోసెఫ్ తెయోమిమ్ అడిగాడు.